డాక్టరమ్మ మోరిస్ కారుకు రిలేలు

2011లో నేను జనగామ బస్సు డిపోలో ఎలక్ట్రికల్ లీడింగ్ హ్యాండ్‌ని. ఎలక్ట్రీషియన్లకు పైన, ఫోర్‌మన్‌కు కింద ఉండే హోదా అది. మాది తెనాలి పక్కన పల్లె. ప్రమోషన్ మీద జనగామ వచ్చి అప్పటికి ఆరేళ్లు. పిల్లల చదువుల కోసం కుటుంబం తెనాలిలోనే ఉండిపోయింది. నేను ఒక గది అద్దెకు తీసుకుని వండుకునేవాణ్ణి.

ఆ ఏడాది వానలు తగ్గే వేళకు ప్రత్యేక తెలంగాణ రాష్ట్రం కోసం ఉద్యోగులు సమ్మెకు దిగారు. బస్సులు ఆగిపోయాయి. డిపో గేటు ముందు శిబిరం వేస్తే మొదటి రోజు నేనూ వెళ్లి కూర్చున్నాను. నేనున్న వైపు మాటలు తగ్గిపోయాయి. సాయంత్రం డ్రైవర్ యాకయ్య నన్ను పక్కకు పిలిచాడు.

"అన్నా, ఏమనుకోకు. రేపటిసంది ఇంటికాడనే ఉండు. బయటోడెవడన్న వచ్చి నిన్నొక మాటంటే మాకు మంచిగనిపియ్యది."

నా మేలు కోరే అన్నాడు. ఆరేళ్లుగా మధ్యాహ్నం అన్నం నాతో కలిసి తిన్న మనిషి. ఆ రోజు గదికి వచ్చి వండుకున్నాను గాని తినబుద్ధి కాలేదు. తర్వాత పది పన్నెండు రోజులు నాతో మాట్లాడింది పాలవాడు, ఫోనులో నా భార్య. ఆమె వచ్చేయమనేది. వెళితే పారిపోయినట్టుంటుందని నేను కదల్లేదు. ఏమీ తోచక మీటరు తీసి గదిలో ప్లగ్గు పాయింట్ల వోల్టేజీ కొలిచేవాణ్ణి. అది ఎప్పుడు కొలిచినా ఒకటే.

ఒక పొద్దున యాకయ్య మోటారు సైకిల్ మీద వచ్చాడు. దేవరుప్పులలో సఫియా అనే డాక్టరమ్మ ఉందనీ, సర్కారు దవాఖానలో కాన్పుల డాక్టరుగా చేసి రిటైరైందనీ, ఆమె కారు లైట్లు చూడాలనీ అన్నాడు. పనిముట్ల సంచి, డిపో కోసం కాక సొంతానికి కొనుక్కున్న రెండు రిలేలు తీసుకుని వెనక కూర్చున్నాను. నన్ను దింపి అతను శిబిరానికి వెళ్లిపోయాడు.

ఆ కారు యాభైల నాటి మోరిస్ మైనర్. ఆమె తండ్రిది. డాక్టరమ్మకు డెబ్బై దగ్గర పడుతున్నాయి.

"తండాలకు పోతుంట బేటా. బస్సుల్లేవు, అంబులెన్సు ఎప్పుడొస్తదో తెల్వదు. గీ లైట్లు జూడు, అగ్గిపుల్ల గీసినట్టున్నయి. మొన్న బర్రె అడ్డమొస్తె ముక్కు తాకేదాక కనవడలే."

ఎవరో మెకానిక్కు పాత బల్బులు తీసి హాలోజన్ బల్బులు పెట్టాడు. వైర్లు, స్విచ్చి మాత్రం పాతవే. అంత కరెంటు ఆ సన్నని వైర్లలో, అరిగిన స్విచ్చిలో పడి వచ్చేసరికి బల్బు దగ్గర పది వోల్టులు కూడా మిగలవని కొలవకుండానే లెక్కేశాను. దీనికి మందు రిలే. రిలే అంటే కరెంటుతో పనిచేసే స్విచ్చి. డ్యాష్‌బోర్డు స్విచ్చి నుంచి కొద్దిపాటి కరెంటు దాని కాయిల్‌కు చేరితే చాలు, అది బ్యాటరీ నుంచి లావు వైరు ద్వారా పూర్తి కరెంటును బల్బుకు వదులుతుంది. హెడ్‌లైటుకు ఒకటి, డిమ్ముకు ఒకటి బిగించి, బ్యాటరీ దగ్గర ఫ్యూజు పెట్టాను.

చాలా రోజులకు చేతికి పని దొరికింది. మధ్యలో ఆమె టీ ఇచ్చి, మీదే ఊరని అడిగింది. చెప్పాను. "దూరమే," అంది.

ఐదున్నరకు స్విచ్చి లాగాను. లైట్లు వెలగలేదు. వెంటనే డ్యాష్‌బోర్డు కింద నుంచి పొగ. బ్యాటరీ వైరు పీకేసేలోపే పాత స్విచ్చి కాలిపోయింది.

అప్పుడు మీటరు పెట్టాను. ముల్లు వెనక్కి కొట్టుకుంది. నేటి వాహనాల్లో బ్యాటరీ నెగెటివ్‌ను బాడీకి కలుపుతారు. ఈ కారులో పాజిటివ్‌ను కలిపారు. రెండు కేబుళ్లూ నల్లగా ఉన్నాయి, బ్యాటరీ మీద గుర్తులు మాసిపోయాయి. ముప్ఫై ఏళ్ల అలవాటు కొద్దీ బాడీకి వెళ్లేది నెగెటివే అనుకున్నాను. నా రిలేల్లో కాయిల్ పక్కన డయోడ్ ఉంటుంది. డయోడ్ కరెంటును ఒకవైపే పోనిస్తుంది. తిరగేసి కలిపితే కాయిల్‌ను వదిలేసి అదే దారి ఇస్తుంది, అంటే షార్టే. నేను పెట్టిన ఫ్యూజు లావు వైరుకే, ఈ దారికి లేదు.

తప్పు నాదని ఆమెకు చెబుతుండగానే తండా నుంచి ఒకతను మోటారు సైకిల్ మీద వచ్చాడు. పేరు బాలు. భార్యకు పొద్దుటి నుంచి నొప్పులు.

"కారు ఎంతసేపు?" అంది డాక్టరమ్మ.

"గంట పడుతుందండి."

ఆమె సంచి భుజానికి తగిలించుకుని, చీర కుచ్చిళ్లు సర్దుకుని అతని వెనక ఎక్కింది. "అయితె తీస్కొనిరా. చెరువు కట్ట దాటినంక ఎడమకు," అంది. వాళ్లు వెళ్లాక ఆ వాకిట్లో నేనొక్కణ్ణే. తిట్టినా బాగుండేది. కరెంటు కూడా పోయింది. టార్చి నోట కరచుకుని డయోడ్లు కత్తిరించేశాను. వాటిలో ఒకటి మాడిపోయి ఉంది. కాయిళ్లు మాత్రం బాగున్నాయి. కాలిన వైరు మార్చి, నా సంచిలో ఉన్న పాత స్విచ్చిని తాత్కాలికంగా కట్టాను. ఈసారి ప్రతి కొసా కొలిచాకే స్విచ్చి వేశాను. ఎదురు గోడ మీద ఇటుకల సందులు కూడా కనిపించాయి.

చీకటి పడ్డాక తండా చేరాను. బిడ్డ పుట్టింది కాని తల్లికి రక్తం ఆగడం లేదు. ఆమెను వెనక సీటులో పడుకోబెట్టి, తల డాక్టరమ్మ ఒడిలో పెట్టి జనగామకు బయలుదేరాం. బిడ్డను పట్టుకుని బాలు నా పక్కన.

జనగామ ఇంకా మూడు నాలుగు కిలోమీటర్లు ఉందనగా రోడ్డుకు అడ్డంగా రాస్తారోకో దుంగలు. వెనక ఇరవై మంది.

"ఎవలన్నా?"

నోరు తెరవడానికి భయపడ్డాను. వెనక డాక్టరమ్మ రెండు చేతులతో బాలింత పొట్ట అదిమి పట్టి ఉంది. బాలు వెనక్కి తిరిగి భార్యనే చూస్తున్నాడు. నేనే తల బయట పెట్టాను.

"కాన్పు కేసండి. ఆసుపత్రికి వెళ్లాలండి."

నా యాసకు అందరూ ఒక్కసారి ఇటు తిరిగారు. ముందున్న మనిషి చెయ్యి కళ్లకు అడ్డం పెట్టుకున్నాడు.

"ముందుగాల లైటు డిమ్ము జెయ్యన్నా, కండ్లల్ల గొడ్తుంది. ఏయ్, దుంగలు గుంజుర్రి!"

కాలి దగ్గరి డిప్ స్విచ్చి నొక్కాను. రెండో రిలే టక్కుమంది.

బాలు భార్యకు రెండు సీసాల రక్తం ఎక్కించారు. పది రోజులకు బిడ్డతో ఇంటికి వెళ్లిందని తర్వాత యాకయ్య చెప్పాడు. ఆ రాత్రి మాత్రం ఆసుపత్రి వరండాలో కాసేపు నిలబడి, ఎవరికీ నాతో పని లేదని తేలాక గదికి నడిచి వెళ్లాను. సమ్మె ముగిసే వరకూ శిబిరానికి వెళ్లలేదు, ఎవరూ రమ్మనలేదు.

రిటైరయ్యే దాకా నా దగ్గర పని నేర్చుకున్నవాళ్లకు ఒకటే చెప్పాను. బండి మీ చేతికి వచ్చాక ముందు బ్యాటరీకీ బాడీకీ మధ్య మీటరు పెట్టండి. కేబులు రంగును నమ్మొద్దు, మీ అనుభవాన్ని అసలే నమ్మొద్దు. అనుభవం ఎక్కువైన కొద్దీ కొలవడం తగ్గుతుంది. ఆ రోజు నేను స్విచ్చి తగలబెట్టడానికి కారణం అదే.