వెలుగు రాని మూడు ఉంగరాలు

తప్పు నాదే. మరియమాత చేతికి లేని వెలుగు పెట్టాను. ఎవరూ పెట్టమనలేదు. అన్నిట్లోనూ వేలు పెట్టడం నా జబ్బు.

మా పతకాల కార్ఖానాలో అచ్చులు చెక్కే ఆవిడని అందరూ భూతద్దం పిన్ని అంటారు. కంటికి భూతద్దంతోనే పుట్టిందని మా వెక్కిరింపు. పెళ్ళయి వచ్చేనాటికి ఆవిడ మామగారు అక్కడ అచ్చులు చెక్కేవాడు. అచ్చంటే అరచేతిలో పట్టే ఉక్కు దిమ్మ. అందులో బొమ్మని తిరగేసి, గుంటగా చెక్కాలి. దానికింద రేకు పెట్టి ప్రెస్సు దింపితే పతకం పడుతుంది. పెద్దాయన కళ్ళు మసకబారాక ఉలి కోడలి చేతికొచ్చింది. పేరు మాత్రం ఆయన దగ్గరే ఉండిపోయింది. అచ్చు మూలన ఆయన గుర్తే. ఆయన పోయాక కూడా ఆయన గుర్తే.

ప్రెస్సు మీద పనిచేసే పిన్ని మొగుడికి ఒకరోజు రెండు వేళ్ళు తెగిపోయాయి. ఓనరు ఆస్పత్రికొచ్చి పిన్ని చేతిలో మరియమాత పతకం ఒకటి పెట్టి, "అమ్మ చూసుకుంటుందిలే" అన్నాడు. ఆ పతకం పిన్ని చెక్కిందే. దాన్ని కళ్ళకద్దుకుని, ఏమీ అడక్కుండా మర్నాడు పనిలోకొచ్చింది.

ఆ ఏడే, క్యాథలిక్కులు మెళ్ళో వేసుకునే అద్భుత పతకానికి కొత్త అచ్చు కావలసి వచ్చింది. పాము తల తొక్కి నిలబడ్డ మరియమాత, చాచిన చేతులు, వేళ్ళకి ఉంగరాలు, వాటి రాళ్ళనుంచి కిందికి దిగే వెలుగు. వెనకవైపు ముళ్ళు చుట్టిన గుండె ఒకటి, కత్తి దిగిన గుండె ఒకటి. ఈ రెండోదానికి తనకి నమూనా అక్కర్లేకపోయిందని పిన్నే అనేది. ఉంగరాల వెలుగంటే మరియమాత ఇచ్చే వరాలు. కొన్ని రాళ్ళు వెలగవని, అవి ఎవరూ అడగని వరాలని ఒక ముసలి కాన్వెంటు సిస్టరు పిన్నికి చెప్పింది. నెలరోజులు కూర్చుని చెక్కిన పిన్ని, కుడిచేతి మూడు ఉంగరాలకి వెలుగు లేకుండా వదిలేసింది. గుర్తు మామగారిదే పెట్టింది. ఆ మూడూ మాత్రం తనవి. ఇరవై ఆరేళ్ళు, రోజూ మొదటి పతకం తీసి వాటినే చూసుకునేది.

నేనేమో పిన్ని కింద పనిచేసే కుర్రాణ్ణి, ఫోన్లో వీడియోలు చూసి చెక్కుడు నేర్చుకున్న ఘనుణ్ణి. ఆ ఉంగరాల వెలుగు గీతలు అరిగిపోయాయి, పిన్ని కన్ను పోయింది అనుకున్నాను. ఆటపట్టిద్దామని భోజనాల వేళ మోటారు ఉలితో మూడు ఉంగరాలకీ గీతలు లాగేశాను. చెక్కిన ఉక్కుని మళ్ళీ పూడ్చలేం.

పిన్ని వచ్చి మొదటి పతకం కొట్టి చూసింది. చాలాసేపు భూతద్దం దించలేదు. ఈలోగా ఓనరు వచ్చి పతకం అందుకున్నాడు.

"ఇప్పుడు నిండుగా ఉంది. ఏమ్మా, ఇన్నేళ్ళూ తప్పుల అచ్చుతోనే కొట్టించావా?"

"వాడు సరిచేశాడుగా" అంది పిన్ని.

"రేపట్నుంచి నీ పీట మీద వాడు కూర్చుంటాడు. నువ్వు ప్యాకింగ్ చూసుకో."

దానికీ పిన్ని ఏమీ అడగలేదు. ఉలులు గుడ్డలో చుట్టింది. భూతద్దం నా చేతిలో పెట్టి, సిస్టరు మాటా ఉంగరాల సంగతీ అప్పుడు చెప్పింది.

"మరి ముందే ఒక్క మాట చెప్పచ్చుగా పిన్నీ."

"నువ్వు అడిగావట్రా?"