పేరు పెట్టి కొట్టిన ఫికర్లు

మా చిన్నప్పుడు ఫికరు, అంటే దిగులు, పట్టిన మనిషిని మా అవ్వ ఖాళీగా కూర్చోనిచ్చేది కాదు... చేతికి గుతుప ఇచ్చి కల్లానికి తోలేది.

గుతుప అంటే ముంజేతి లావు దుడ్డుకర్ర. ఎండిన ఆముదం గెలలను కల్లంలో కుప్ప పోసి, ఆ కర్రతో కొడితే కాయలు పగిలి గింజలు రాలతాయి. ఆ రోజుల్లో నల్లగొండ చెలకల్లో, ఆ మెట్ట చేలల్లో, చలికాలమంతా ఆ దెబ్బల చప్పుడే...

ఎనభయ్యో దశకం మొదట్లో, నేను ఎనిమిదో తరగతి చదువుతుండగా, గట్టు పంచాయితీలో మా బాపు తల పగిలింది. పగలగొట్టింది పరాయివాడు కాదు. బాపుకు వరుసకు అన్న, లింగయ్య పెద్దబాపు. రెండు చెలకల మధ్య ఉన్న గట్టును ఏటేటా మా వైపు జరుపుతూ వచ్చాడు. ఆ పొద్దు బాపు అడ్డం నిలబడితే పార తిరగేసి కొట్టాడు.

రక్తంలో నానిన తువ్వాలతో బాపును దవాఖానకు తీసుకుపోయారు. అమ్మా, సైకిల్ దుకాణం ఖాసిం మామా వెంట వెళ్ళారు. ఇంట్లో అవ్వా నేనూ మిగిలాం.

మర్నాడు పొద్దున గడప మీద కూర్చుని ఏడుస్తుంటే అవ్వ వచ్చి నెత్తిన ఒక్కటి మొట్టింది.

"లే. కల్లంకాడికి పోదాం."

"బాపుకు గట్లుంటే ఆముదాలు కొడ్తమా అవ్వా?"

"గట్లున్నదనే కొట్టాలె. ఊకె కూసుంటే ఫికరు మెడలెక్కుతది. పేరు పెట్టు... కొట్టు."

అదీ ఆమె పద్ధతి. మనసులోని భయాన్ని బయటికి అనాలి. అన్నాక కొట్టాలి. ఒక దెబ్బకు ఒకటే భయం. కలగలిపి అంటే ఒప్పుకునేది కాదు.

"బాపు సచ్చిపోతడేమో!" అన్నాను. కొట్టాను.

"జోకొడ్తున్నవా దాన్ని? గట్టిగ!"

"చెలక గుంజుకుంటడేమో!" దెబ్బ. "నన్ను బడి మాన్పిస్తరేమో!" దెబ్బ. "అమ్మ ఇగ రాదేమో!" దెబ్బ... కాయలు చిట్లి మొహానికి తగిలాయి. అరచేతుల్లో బొబ్బలు లేచి పగిలాయి. విచిత్రంగా, కొన్ని భయాలు బయటికి అన్నాక నాకే సిగ్గనిపించాయి. కొన్ని మాత్రం ఎంత కొట్టినా పగలలేదు.

"మిగిలినదానికే ఏం జెయ్యాల్నో సోంచాయించాలె," అంది అవ్వ. "తక్కిందంత పొట్టు."

ఎండ నడినెత్తికి వచ్చే వేళకు లింగయ్య పెద్దబాపు వచ్చాడు. భుజాన గొడ్డలి ఉంది.

"చిన్నమ్మా, పోలీసులకు చెప్పిపంపినవట. కేసు వాపసు తీస్కో. నీ కొడుకెట్లనన్న బతికేటట్టు లేడు. గీ ముసల్తనంల నాతోని దుశ్మనీ ఎందుకు?"

అవ్వ తల ఎత్తలేదు. కొడుతూనే అంది: "జర ఆగు లింగా. నీ పేరు ఇంక రాలే."

అంత దుఃఖంలోనూ నాకు కిసుక్కున నవ్వొచ్చింది. గొడ్డలికి వెరవని ఆ మాటా, నా నవ్వూ అతనికి ఎక్కడో తగిలాయి. కుప్పను కాలితో తన్నాడు. గింజలు దుమ్ములో చెల్లాచెదరయ్యాయి. భుజం మీది గొడ్డలి దించి అవ్వ మీదికి వచ్చాడు.

అవ్వ లేచింది. "లింగయ్య!" అని పేరు పెట్టింది. కొట్టింది.

మనిషి ఎముక విరిగిన చప్పుడు ఆముదం కాయ పగిలిన చప్పుడులా ఉండదు... నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. గొడ్డలి జారి గింజల్లో పడింది. అతను ముంజెయ్యి పట్టుకుని మోకాళ్ళ మీద కూలి, ఎద్దులా రంకె వేశాడు. అవ్వ ఆ గొడ్డలిని కాలితో నా వైపు నెట్టి, మళ్ళీ కుప్ప ముందు కూర్చుంది.

"బండి మీదినుంచి పడ్డనని చెప్పుకో పో. ముసల్ది కొట్టిందంటే ఊరు నవ్వుతది."

నిజంగానే అట్లాగే చెప్పుకున్నాడు, ఊళ్ళోనూ, పోలీసుల దగ్గరా... పరువు అటువంటిది. తర్వాత బాపును కొట్టిన కేసూ నడిచింది, గట్టూ పాత జాగాకు వచ్చింది.

పొద్దు వాలుతుండగా ఖాసిం మామ బస్సు దిగి నేరుగా కల్లానికి వచ్చాడు. దూరం నుంచే కేక వేశాడు.

"పెద్దమ్మా! కండ్లు తెరిచిండు! నీళ్ళడిగిండు. ఆముదాల కుప్ప కొట్టుడైందా అని అడిగిండు!"

అవ్వ గుతుపను కింద పెట్టబోయింది... పెట్టలేకపోయింది. వేళ్ళు కర్ర చుట్టూ బిగుసుకుపోయి తెరుచుకోలేదు. ఇంటికి తీసుకుపోయి, వేడినీళ్ళు పోసి, ఒక్కొక్క వేలూ నేనే విప్పాను. అరచేయి నా చేతికన్నా ఎక్కువ చీలిపోయి ఉంది. అప్పుడు తట్టింది నాకు. లింగయ్య పేరు తప్ప, రోజంతా ఆమె తన భయం ఒక్కటైనా పైకి అనలేదు.

"నువ్వేం పేర్లు పెట్టినవ్ అవ్వా?"

"ఒక్కటే బిడ్డా," అంది, నీళ్ళలోకి చూస్తూ. "అన్ని దెబ్బలకు గదే."

ఇప్పుడు నాకు ఆమె వయసు వచ్చింది. ఏళ్ళ తరబడి కళాశాలలో పాఠాలు చెప్పాను, నా సంపాదనతో కట్టుకున్న ఇంట్లో నా ఇష్టంతో ఒంటరిగా ఉంటున్నాను. నిద్ర పట్టకపోతే డాక్టరు మాత్ర రాస్తాడు. ఫోను మెత్తని సంగీతం పెట్టి, ఊపిరి ఎట్లా పీల్చాలో నాకు నేర్పబోతుంది. వాటిని తప్పు పట్టను. కానీ మనసు మరీ మొరాయించిన పూట, పాత బొంతను డాబా మీది తీగకు వేసి కర్ర అందుకుంటాను. పేరు పెడతాను. కొడతాను. కింది వాటా వాళ్ళు కిటికీలు మూసుకుంటారు.

మా చెలకల్లో ఇప్పుడు ఆముదాలు లేవు, ప్లాట్ల రాళ్ళున్నాయి. భయాలు మాత్రం ఏటేటా బాగా పండుతున్నాయి... కల్లాలే కరువయ్యాయి.

మీ ఇళ్ళల్లో పెద్దవాళ్ళు ఫికరును దేనితో కొట్టేవారు? రాయండి... పేరు పెట్టి రాయండి.