ఖాళీ మిషన్ చప్పుడు

మక్తల్ బజారులో దర్జీ మెహమూద్ కొలతలు తీస్తూనే, ఒక కాలితో ఉత్త మిషన్ తొక్కుతుంటాడు. పేగు క్యాన్సర్ ఆపరేషన్‌లో మలం కోసం పొట్టకు తగిలించిన సంచి సరిగ్గా గిరాకీ ముందే గుడగుడమంటుంది మరి! ఆ గుడగుడనూ, రోగం తిరగబెడుతుందేమోనన్న భయాన్నీ ఐదేళ్లుగా మిషన్ చప్పుడు కిందే దాచాడు. మొన్న పరీక్షలన్నీ చూసి డాక్టరమ్మ నవ్వింది: "రోగం జాడే లేదు చాచా. అప్పట్ల కోసిన గడ్డ సుట్టూ మీ ఒంట్లోని కాపలా కణాలు గుంపు కట్టి కొట్లాడినయ్. గట్లున్నోళ్లు ఎక్కువ కాలం బతుకుతరని గప్పుడే ఆశపడ్డ."

మర్నాడు ఓ పెళ్లికొడుకు ఛాతీ కొలుస్తుంటే సంచి గుడగుడమంది. మెహమూద్ కాలు అలవాటుగా మిషన్ వైపు పోయి, మధ్యలోనే ఆగింది.

"గా సప్పుడేంది చాచా?"

"నా కడుపుల ఫౌజు బిడ్డా! గెలిచి బ్యాండు కొడుతాంది. నువ్వు జర చేతులు పైకెత్తు."