సర్వర్‌లో ఆగిపోయిన కబురు

మానుకోటలో నేను నడిపే రక్తదాతల వెబ్‌సైట్ చిన్నదే. మూడు జిల్లాల దవాఖానల్లో ఎక్కడ రక్తం కావాల్సొచ్చినా అక్కడి నర్సు అందులో రాస్తది. రాసిన మరుక్షణం మా వలంటీర్ల కంప్యూటర్లల్ల, ఫోన్లల్ల గంట మోగుతది. వాళ్లు తమ దగ్గరున్న దాతల పేర్ల పట్టీ చూసి ఫోన్లు చేస్తరు. పేజీని మాటిమాటికి నొక్కి చూడాల్సిన పని లేదు, కబురును సర్వరే పంపిస్తది. ఆ గంట మీద అందరికీ నమ్మకం. నాకైతే మరీ ఎక్కువ.

ఒకరోజు పొద్దున తొమ్మిదింటికి వెబ్ సర్వర్‌ను కొత్త వెర్షన్‌కు మార్చిన. పాతదాంట్ల భద్రతా లోపం ఉన్నదని కొన్నాళ్లుగా హెచ్చరికలు వస్తుండె. మార్చినంక సైట్ తెరిచిన, లాగిన్ అయిన, నాలుగు పేజీలు తిప్పిన. అన్నీ మంచిగనే ఉన్నయ్. గంట మోగుతదో లేదో మాత్రం చూడలే.

ఒంటిగంటకు అన్నం ముందు కూసున్నప్పుడు భూపాలపల్లి నుంచి ఫోనొచ్చింది. బొగ్గుబాయిల పనిచేసి రిటైరైన పెద్దమనిషి, మా వలంటీరు. మేమందరం బాపు అని పిలుస్తం. పొద్దంతా ఆ పేజీ తెరిచే పెడతడు.

"బిడ్డా, పొద్దటి సంది ఒక్క గంట మోగలే. ఇయ్యాల ఎవ్వలకు రక్తం అక్కర్లేదా ఏంది?"

"అక్కర్లేకుంటే మంచిదే గద బాపూ" అనుకుంట ఎడమచేత్తో ల్యాప్‌టాప్ తెరిచిన. లోపల మూడు కబుర్లున్నయ్. మూడోది మా ఊరి దవాఖాన నుంచే, పదకొండున్నరకు. కాన్పు ఆపరేషన్, ఓ నెగెటివ్ రక్తం, తొందర. గంటన్నర గడిచింది. ఎవ్వరికీ తెల్వదు.

చెయ్యి కడుక్కున్ననో లేదో యాదికి లేదు. మిగతా రెండు కబుర్లు బాపుకు ఫోన్‌లనే చదివి చెప్పి, నా పట్టీ తీసిన. దగ్గర్ల ఓ నెగెటివ్ వాళ్లు ఇద్దరే ఉన్నరు. మొదటాయన ఫోన్ ఎత్తలే. రెండో ఆయన డోర్నకల్ రైల్వే స్టేషన్ల పనిచేస్తడు.

"డ్యూటీల ఉన్న అక్కా. జర ఆగు, మా సార్‌ను అడుగుత."

ఆయన మళ్ల ఫోన్ చేసేదాక నేను నిలబడే ఉన్న. "బండి మీద వస్తున్న" అన్నడు. అప్పుడు ఆ కబురు రాసిన దవాఖాన సిస్టర్‌కు ఫోన్ చేసిన.

"దొరికిండా? మీరు చూస్తున్నరు గద అని మేం ధీమాగ ఉన్నం" అన్నది ఆమె. నేను "వస్తున్నడు" అని మాత్రం చెప్పిన. గంట మోగలేదన్న సంగతి చెప్పలే.

ఇగ చేసేది ఎదురుచూసుడే. కానీ ఆ లోపల ఇంకో కబురు వస్తే? మళ్ల ల్యాప్‌టాప్ ముందట కూసొని సర్వర్‌ల చూసిన. సర్వర్ చేసిన పనులన్నీ రాసిపెట్టే లాగ్‌లు చదివిన, ఎక్కడా తప్పు లేదు. కబురు పంపినట్టే రాసున్నది. పంపింది పంపినట్టుంటే మరి ఎటు పోయింది? ఏం తోచక కబుర్లు పంపే ప్రోగ్రామును ఆపి మళ్ల మొదలుపెట్టిన. నిమిషం కాలే, జనగామల మందుల దుకాణం నడిపే అక్క ఫోన్ చేసింది. ఆమె కూడా మా వలంటీరే.

"చెల్లె, గిదేంది? ఒక్కపాలే మూడుమార్లు గంట మోగింది! అన్నీ పొద్దటియే!"

అప్పుడు అర్థమైంది. కబుర్లు పోలే, ఆగినయ్. ప్రోగ్రాముకూ జనానికీ నడుమ ఉండే వెబ్ సర్వర్ వాటిని వెంటనే వదలకుండ, ఇంకిన్ని కూడినంక ఒక్కసారే పంపుదామని పట్టి పెట్టుకున్నది. నేను ప్రోగ్రాము ఆపంగనే ఇగ వచ్చేది లేదనుకొని ఉన్నవన్నీ వదిలింది. అట్ల పట్టిపెట్టొద్దని నేను ఎప్పుడో సెట్టింగులల్ల ఒక లైను రాసుకున్న. కొత్త వెర్షన్ పెట్టినప్పుడు నా ఫైలు మీద కొత్త ఫైలు పడి ఆ లైను పోయింది. మళ్ల రాసిన. పరీక్షకు ఉత్త కబురొకటి పంపి బాపుకు ఫోన్ చేసిన.

"మోగిందా బాపూ?"

"నువ్వు అడగకముందే మోగింది బిడ్డా."

కానీ మనసు నెమ్మది పడలే. రెండున్నరకు డోర్నకల్ ఆయన దవాఖానకు చేరిండు. రక్తం తీసి, పరీక్షలు చేసి, ఆపరేషన్ అయ్యేసరికి సాయంత్రం ఐదు దాటింది. తల్లీ బిడ్డా క్షేమమని సిస్టర్ ఫోన్ చేస్తే చెప్పులేసుకొని దవాఖానకు పోయిన. వార్డు బయట ఆమెను ఆపి జరిగిందంతా చెప్పిన. తప్పు నాదేనని, గంటన్నర నా వల్లనే పోయిందని.

ఆమె కోపానికి రాలే. అలసిపోయి గోడకు ఆనుకున్నది. "చెప్పినవ్, సంతోషం. కానీ మళ్ల గిట్లయితే నాకెట్ల తెలుస్తది? నేను రాసిన, మీకు చేరిందనే అనుకుంట."

ఆ వారమంతా కూసొని దానికొక ఉపాయం తయారుచేసిన. కబురు చూసిన వలంటీరు 'చూసిన' అని నొక్కాలె. ఐదు నిమిషాలల్ల ఎవ్వరూ నొక్కకపోతే, రాసిన నర్సుకూ నాకూ మామూలు ఫోన్ మోగుతది. దానికి మా వెబ్ సర్వర్‌తోని పని లేదు.

ఇప్పుడు సర్వర్ మార్చే ముందు సిస్టర్‌కు చెప్త. "కానియ్" అంటది, దాతల పట్టీని కాగితం మీద తీసి బల్ల మీద పెట్టుకుంటది. మార్చుడు అయిపోయి మూడు ఊర్లల్ల గంట మోగిందని వినేదాక నేను మంచినీళ్లు కూడ ముట్టను.