ఇరవై మీద పది

ఆ రోజుల్లో నాకు కోపం ముక్కు మీదే ఉండేది. ముఖ్యంగా లెక్క తప్పు చెప్పేవాడిని చూస్తే ఒళ్లు మండిపోయేది. బీయస్సీ లెక్కలు, ఫస్టు క్లాసు. ఉక్కు ఫ్యాక్టరీ కడుతున్న చోట కొత్త గుమాస్తా ఉద్యోగం, ఆపైన కొత్త పెళ్లాం. లోకంలో తప్పులన్నీ దిద్దడానికే పుట్టాననుకునేవాడిని. (ఇప్పుడు కరెంటు బిల్లు కూడా మా ఆవిడే చూస్తుంది.)

పెళ్లయ్యాక మొదటి ఆషాఢం. ఆవిడ భీమిలిలో, పుట్టింట్లో. ఆ నెలలో అత్తా అల్లుడూ ఒకే గడప దాటకూడదు కాబట్టి నేను అటు వెళ్లడానికి లేదు. ఈ ఆచారం పెట్టినవాడెవడో కనబడితే ఆ రోజు ప్రాణాలతో వదిలేవాడిని కాదు. బతిమాలగా బతిమాలగా, ఒక్క ఆదివారం సాయంత్రం బస్టాండులో చూసి రావడానికి పెద్దలు ఒప్పుకున్నారు. నా జీతంతో కొన్న మొదటి చీర చేతికివ్వాలి, ఓ అరగంట మాట్లాడుకోవాలి, చివరి బస్సుకి తిరిగొచ్చేయాలి. ఆ అరగంట కోసం కళ్లు కాయలు కాసేలా ఎదురుచూశాను. తోడుగా మా అక్క మొగుడు బయలుదేరాడు. పోర్టులో క్రేను నడిపేవాడు. ఆయనదీ భీమిలే, ఈ సంబంధం కుదిర్చిందీ ఆయనే. ("కుర్రోడు లెక్కల్లో పులి" అని మా మామగారికి నన్ను అంటగట్టింది కూడా ఆయనే.)

పాతనగరంలో ఒక సాయిబు గారి బట్టల కొట్టు ముందు బోర్డు: ఆషాఢం తగ్గింపు ఇరవై శాతం, ఆపైన మరో పది శాతం. ఆకుపచ్చ చీర ఒకటి నచ్చింది. ధర రెండు వందలు. సాయిబు గారు నూట నలభై నాలుగు ఇమ్మన్నారు.

"నలభై నాలుగేటి సాయిబూ? ఇరవయ్యీ పదీ ముప్పై. నూట నలభై తీసుకో," అన్నాడు బావ.

"కాదు భాయ్. ముందు ఇరవై శాతం పోతే నూట అరవై. పది శాతం ఆ నూట అరవై మీద."

"మా సెవుల్లో పువ్వులెట్టకు!"

నేను నోరు మూసుకుంటే సరిపోయేది. "బావా, ఆయన సెప్పిందే రైటు," అన్నాను.

"నువ్వెవులి పక్క బావా?"

"లెక్క పక్క!"

కొట్టంతా మా చుట్టూ మూగింది. విసిగిపోయిన సాయిబు గారు రెండు చేతులూ ఎత్తి, "ముప్పయ్యే అనుకోండి బాబూ, నూట నలభై ఇచ్చి దయచేయండి," అన్నారు. అప్పుడు నాకు కోపం నషాళానికంటింది. అనుకోవడమేమిటి? ముప్పయ్యే అనుకుంటే నా చదువేమైనట్టు? నూట నలభై నాలుగూ బల్ల మీద కొట్టి చీర పట్టుకుని బయటికొచ్చాను. ఇక జేబులో మిగిలింది రుమాలు.

బస్సులో టిక్కెట్లు బావే కొన్నాడు. కొన్నవాడు ఊరుకుంటాడా? "మా బావ బీయస్సీ. ఇరవయ్యీ పదీ కలిపితే ఇరవై ఎనిమిదంట!" అని బస్సంతటికీ వినిపించాడు. బస్సు బస్సంతా ఘొల్లుమంది. లేచి నిలబడి, టిక్కెట్టు ధరనే ఉదాహరణగా తీసుకుని విడమరిచి చెప్పబోయాను. "ముందు కూకోండి బాబూ, ఇరవయ్యీ పదీ ముప్పయ్యే," అన్నాడు కండక్టరు.

"ఆపండి బస్సు!"

ఆపారు. దిగాను. బస్సు కనుమరుగయ్యాక తెలిసింది, మరో బస్సెక్కడానికి నా దగ్గర పైసా లేదని.

చీర చంకలో పెట్టుకుని నడిచాను. దారి పొడుగునా బావనీ, కండక్టరునీ, బస్సులో పళ్లు లేని నోటితో నవ్విన చేపల బుట్ట ముసలమ్మనీ తిట్టుకుంటూనే ఉన్నాను. భీమిలి చేరేసరికి పొద్దుగూకిపోయింది. బస్టాండులో బావ టీ తాగుతున్నాడు. ఆవిడ ఒక పక్కగా నిలబడి ఉంది. సంగతంతా వినేసిందని మొహం చూడగానే తెలిసింది. ఈవిడ కూడా ముప్పై అంటే ఏం చేయాలో నాకు పాలుపోలేదు.

"ఇరవై ఎనిమిదే కదండీ," అంది, చీర అందుకుంటూ.

ప్రాణం లేచొచ్చింది.

"ఆ మాట బస్సులో కూకోని సెప్తే ఏటి పోయింది?" అంది, కళ్ల నీళ్లతో. చివరి బస్సు హారను కొట్టింది. బావ నన్ను రెక్క పట్టుకుని లోపలికి తోశాడు.

ఇప్పుడు ఏ కొట్టు ముందైనా 'యాభై మీద ఇరవై' అని బోర్డు కనిపిస్తే, పక్కనెవరో డెబ్బై అంటారు. నాలోని ఆ కుర్రాడు చొక్కా చేతులు మడుస్తూ లేస్తాడు. వాణ్ణి చూస్తే ఇప్పుడు నాకు నవ్వూ వస్తుంది, జాలీ వేస్తుంది. మా ఆవిడ నా మోచెయ్యి పట్టుకుని, "బస్సు దిగకండి," అంటుంది.

దిగను. అరవై అని ఆవిడ చెవిలో మాత్రం చెప్పి ఊరుకుంటాను.