మేడ మీద కొర్రమీలు

కైకలూరు చెరువుల మధ్య పెరిగిన తెరెసా, ఫిల్మ్‌నగర్‌లో అద్దె ఇంటి మేడ మీద సిమెంటు తొట్టిలో కొర్రమీను చేపల జంటను పెంచుతోంది. ఆమె పరిశోధన వాటి సంతానోత్పత్తి మీదే. రెండేళ్లుగా గుడ్లు లేవు. ఈసారి హార్మోన్ సూది వేశాక, ఒక ఉదయం నీటిపై పసుపు గుడ్లు తెట్టులా తేలాయి. మగచేప వాటి కిందే కాపలా కాస్తోంది.

అంతలో పక్కింట్లో షూటింగ్ మొదలై, స్పీకర్లలో పాట దద్దరిల్లింది. మగచేప తొట్టి అడుగుకు పోయింది. బెదిరితే గుడ్లను అదే తినేస్తుందన్న భయంతో తెరెసా కిందికి పరుగెత్తి, ప్రొడక్షన్ మేనేజర్ యాదగిరిని పట్టుకుంది.

"సౌండ్ కాస్త తగ్గించండన్నా. పైన చేప గుడ్లు పెట్టింది, రేపటికి పిల్లలవుతాయి."

"చేపల కోసం షూటింగ్ ఆపాల్నా మేడమ్?" అన్నాడతను. ఆమె అక్కణ్నుంచి కదలకపోవడం చూసి, "జర ఆగుండ్రి," అంటూ స్పీకర్లను అవతలికి తిప్పించాడు.

మగచేప పైకొచ్చింది. అయినా సాయంత్రానికి సగం గుడ్లు తెల్లబడి చచ్చిపోయాయి. తెరెసాకు అన్నం సయించలేదు. మర్నాడు మిగిలిన గుడ్లలోంచి నలుసుల్లాంటి పిల్లలు బయటికొచ్చాయి. ఆమె కళ్లు చెమర్చాయి. నాలుగు రోజులు పోతే ఆకలికి అవి ఒకదాన్నొకటి తింటాయని గుర్తొచ్చి, మేత సిద్ధం చేయడానికి లేచింది.