నేను చూశానన్న పాము

కాశింబి అక్క గేదెను పాము కరవలేదు. ఈ ఒక్క ముక్క బయటికి రావడానికి తొమ్మిదేళ్లు పట్టింది. పోయిన వారం ఆమెకు చెప్పాను. అప్పటినుంచి ఆమె నాతో మాట్లాడటం లేదు. మాట్లాడమని అడిగే హక్కు నాకు లేదు. కానీ ఊళ్లో ఇంకా పాము కథే నడుస్తోంది. అందుకే ఇది రాస్తున్నాను.

ఎనభైల మొదట్లో, పర్చూరు పక్కన మా ఊరు పొగాకు తగ్గించి పత్తికి మళ్లిన రోజులవి. కాశింబి అక్కది మా గోడ పక్క ఇల్లు. భర్త పోయాడు. దొడ్లో ఒక గేదె, నాలుగు కోళ్లు. పాలు పోసి బతికేది. కూతురి పురుడని గుంటూరు వెళ్తూ, పత్తి గింజల బస్తా చూపించి గేదెనూ కోళ్లనూ నాకు అప్పజెప్పింది.

"కోళ్లు నీ మాట వింటాయి తమ్ముడూ, ఈ మహారాణే వినదు. గింజలు రుబ్బి ముందు పెడితేనే పాలు చేపుద్ది."

"నువ్వెళ్లక్కా. మా గేదెలాగే చూసుకుంటా."

అలా చూడలేదు. అప్పుడే ఈనిన మా గేదెకు పెట్టడానికి గింజలు లేవు. ఆమె బస్తా మా ఇంటికి మోసుకొచ్చాను. ఆమె గేదెకు, మా చేలో విత్తగా మిగిలినవి రుబ్బి పెట్టాను. అవి పురుగుమందు కలిపిన గింజలు. తెలియక కాదు. మూడు నీళ్లు కడిగితే పోతుందిలే అనుకున్నాను. నిజంగా అనుకున్నానా? అలాగైతే, ఆ కడుగునీళ్లు మా కోళ్లు తాగకుండా దూరంగా తీసుకెళ్లి ఎందుకు పారబోశాను?

మర్నాడు పొద్దున గేదె నురగలు కక్కుతూ కాళ్లు తన్నుకుంది. పశువుల డాక్టరు వచ్చేలోపే పోయింది. చుట్టూ చేరినవాళ్లు ఏమైందన్నారు. మల్లెపందిరి కిందకి పాము పోవడం చూశానన్నాను. ఎవరూ మళ్లీ అడగలేదు.

అక్క వచ్చి నన్ను ఒక్క మాట అనలేదు. నేను పరాయి గేదె కోసం ఏడ్చిన మనిషినని పదిమందికీ చెప్పింది. పసిబిడ్డతో కూతురు వచ్చే వేళకు ఆ పాము అక్కడే ఉంటుందేమోనని భయపడి, భర్త వేసిన మల్లెపందిరిని మొదలంటా కొట్టించింది. కొట్టింది నేనే. ఆ ఏటి నుంచి మిరపకోతలకు కూలికి పోయింది. చేతుల మంటకు పూసుకోవడానికి సాయంత్రాలు మా ఇంటికొచ్చి మజ్జిగ అడిగేది. ఆమె గింజలు తిన్న గేదె మజ్జిగే ఇచ్చేవాళ్లం.

ఎందుకు చెప్పలేదు? మొదట్లో, గేదెను కొనివ్వాల్సి వస్తుందని. తర్వాత, ఆమె దృష్టిలో మంచివాడిగా ఉండటం అలవాటైపోయి. ఈ రెండోదే ఎక్కువ నీచమని ఇప్పుడనిపిస్తుంది.

తొమ్మిదేళ్లుగా ఆమె దొడ్లోకి దిగే ముందు కర్రతో నేల తడుతుంది. ఆ చప్పుడు గోడ ఇవతలికి వినిపిస్తుంది. పోయిన వారం వినలేక వెళ్లి, ఆమె ఎదుట నిలబడ్డాను.

"అక్కా, ఆ కర్ర పక్కన పెట్టు. పాము లేదు. అప్పుడూ లేదు. నీ గింజలు మా గేదెకు పెట్టుకుని, నీ గేదెకు మందు గింజలు పెట్టాను. నేనే చంపానక్కా. తప్పయిపోయింది."